ముప్ఫై ఒకటో గొట్టం

నా చేతిరాత బాగుండదు. అక్షర దోషాలు కూడా ఉంటాయి. ఆరో తరగతితో బడి మానేశాను, మన్నించాలి.

కే తియెన్-షుయ్ అనే నేను, వయసు డెబ్బై తొమ్మిది, పింగ్‌తుంగ్ జిల్లా కొండకింది ఊరి వాణ్ణి, తెలివి సరిగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరపవలసినవారు డాక్టర్ జువాంగ్ హ్వేయ్-రూ గారు. ఆమె విశ్వవిద్యాలయంలో నరాల మీద పరిశోధన చేస్తారు. ఆమెకు ఇరవై రెండేళ్ళు కట్లపాముల విషం తీసి ఇచ్చాను.

1. ఇల్లు, చిలగడదుంపల చేను మా తమ్ముడి కొడుకు మింగ్-దేకి. వాడు నా పామును సారా జాడీలో వేసి అమ్ముకున్నాడు. అది మరచిపోలేదు. అయినా చేను వాడిదే. పాముల కొట్టం మాత్రం పడగొట్టాలి.

2. మా ఆవిడ టీ కూజా పక్కింటి సువాన్ వదినకు. "పాము తుమ్మితే డాక్టరమ్మకు కబురు పెడతావు, నాకు జ్వరమొస్తే పంచాంగం చూస్తావు" అని మా ఆవిడ దెప్పేది. వదిన పడీ పడీ నవ్వేది.

3. ఐస్‌పెట్టెలో ఉన్న రెండు గాజు గొట్టాలు, నా నోటు పుస్తకం డాక్టరమ్మకు. కారణం రాయాలి.

మా దేశపు లెక్కలో మింగువో 76, అంటే 1987 చలికాలంలో, ఒక్కో పాము విషం ఒక్కో గొట్టంలో పంపమని డాక్టరమ్మ అన్నారు. చలికి పాములు తిండి మానేస్తాయి, విషం తగ్గుతుంది. ముప్ఫై ఒకటో పాము పావు గొట్టం కూడా ఇవ్వలేదు. మా వైపు చదువుకున్నవాళ్ళకు వెలితిగా ఏదీ పంపం. బియ్యమైనా టీ ఆకైనా అంచుదాకా నింపుతాం. నలభై నాలుగో పాము విషం కలిపి నింపాను. చీటీ మీద 31 అనే రాశాను. మర్యాద అనుకున్నాను.

ఆ విషాల మీద తన పరిశోధన వ్యాసం అచ్చయ్యాక డాక్టరమ్మ వచ్చి చెప్పారు. "పెద్దయ్యా, నరం కబురు పంపితే కండరం మీది తలుపు తెరుచుకుంటుంది. మీ పాములు దానికి గొళ్ళెం పెడతాయి. ఈ ముప్ఫై ఒకటోది మహా గడుసుది, మెదడు తలుపుకు కూడా పెడుతోంది!" పొగాకులోని మందు తట్టినా తెరుచుకునే తలుపులట అవి. నేను తల ఊపాను.

మళ్ళీ అదే పాము విషం పంపితే మెదడు తలుపుకు గొళ్ళెం పెట్టే ఆ రెండో గుణం కనబడలేదు. వ్యాసం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. విషాన్ని శుద్ధి చేసిన విద్యార్థి ఫాన్ జె-యువాన్ గాజు సామాను సరిగా కడగలేదన్నారు. "నీ చేతుల్నే నమ్మలేకపోతే నీ లెక్కల్ని ఎలా నమ్మనయ్యా?" అని, డాక్టరమ్మా, మీరు నా ముందే అతనితో అన్నారు. అతను తన చేతులు చూసుకున్నాడు. నేను ఖాళీ గొట్టాల పెట్టె ఎత్తుకుని ఇంటికొచ్చాను. అతను చదువు మానేశాడు.

ముప్ఫై ఒకటి, నలభై నాలుగు, ఆ రెండు పాముల విషం మరుసటి వేసవిలో విడివిడిగా తీసి, ఆరబెట్టి దాచాను. ఏది ఏ రోజు తీసిందో పుస్తకంలో ఉంది. వాటిని విడిగా, తర్వాత కలిపి పరీక్షించండి. వ్యాసం అచ్చయిన చోటే దిద్దుబాటు అచ్చు వేయించండి. తప్పు నాదని నా పేరుతోనే వేయండి.

4. జె-యువాన్‌కి ఆ దిద్దుబాటు. ఇంకేమిచ్చినా సరిపోదు. తైతుంగ్‌లో కళ్ళద్దాల దుకాణం నడుపుతున్నాడు. నిజం చెప్పాలనే పోయిన నెల వెళ్ళాను. నన్ను గుర్తుపట్టలేదు. "పెద్దయ్యా, చిన్న అక్షరాలు కనిపిస్తున్నాయా?" అన్నాడు. కనిపిస్తున్నాయన్నాను. అంతే, అద్దాలు కొనుక్కుని వచ్చేశాను. ఆ అద్దాలతోనే ఇది రాస్తున్నాను.

మిగతావి నేను పోయాక చేయవచ్చు. మూడోది అంతదాకా ఆగకూడదు. అందుకే గొట్టాలు, పుస్తకం, ఈ కాగితం నకలు ఇప్పుడే పంపుతున్నాను.

మింగువో 95, పదో నెల, పద్నాలుగో రోజు.
సంతకం: కే తియెన్-షుయ్
సాక్షులు: హ్సియే మావో-షెంగ్ (పోస్టుమాస్టరు), దూ జిన్-చుయెన్ (ఊరి పెద్ద)

డాక్టరమ్మా, ఏం తేలిందో ముందు జె-యువాన్‌కి రాయండి. తర్వాత నాకు. త్వరగా రాయండి.