మాటలు రాని పిల్ల అన్న మాట

ఏమండీ,

చిట్టిని బడి నుంచి ఈవేళ మీరే తీసుకురండి. నేను ఆఫీసు పని మీద రెండు రోజులు ఊరికి వెళ్తున్నాను. రికార్డర్ భోజనాల బల్ల మీద ఉంది. సాయంత్రం దాన్ని ఆన్ చేసి పిల్లతో అరగంట బొమ్మలాట ఆడండి. తర్వాత అది అన్న ప్రతి మాటా ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. "తాత వచ్చింది" అన్నా దిద్దకండి, అలాగే రాయండి. మీరన్నవీ రాయాలి. ఎవరెంత మాట్లాడారో సోమవారం స్పీచ్ టీచరమ్మ లెక్కపెడుతుంది.

ఈ పని మీకు నేనే అడిగి మరీ ఇప్పించాను. మీ అక్కయ్య ఇంట్లో అందరి ముందూ మీరేమన్నారు? "తల్లి ఉద్యోగాలు వెలగబెడుతుంటే పిల్లకి నాలుగేళ్లొచ్చినా మాటలెలా వస్తాయి?" అన్నారు. ఆ మాట మీదే చిట్టిని టీచరమ్మ దగ్గరికి పరీక్షకు తీసుకెళ్లాను.

నిన్న పరీక్షలో టీచరమ్మ బొమ్మలు ముందు పెట్టేసరికి చిట్టి గలగలా మాట్లాడింది. వాక్యాలు వయసుకు తగ్గట్టే ఉన్నాయని ఆవిడ రాసిచ్చింది. "మరి ఇంట్లో ఎందుకు మాట్లాడదండీ?" అని అడిగితే, "మాట్లాడనిస్తున్నారా?" అని ఎదురడిగింది.

కుందేలు బొమ్మ పక్కలో లేకపోతే పిల్ల నిద్రపోదు. మర్చిపోకండి.

అన్నట్టు, చిట్టి అన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద వాక్యం కింద టీచరమ్మ గీత గీసింది: "నేను కథ చెప్తుంటే నాన్న టీవీ సౌండు పెంచేస్తాడు." అందులో ఒక్క తప్పు కూడా లేదట. ఆ కాగితం ఫొటో తీసి మీ అక్కయ్యకు ఇందాకే పంపాను. ఫోన్ చేస్తుంది, ఎత్తండి.