నీళ్ల పొయ్యిలో కవర్లు

బెంగళూరు

ప్రియమైన అమ్మకు,

లహరి దగ్గు ఇంకా తగ్గలేదంటే నాకు ఒళ్లు మండుతోంది. ఇక్కడ చూసుకునే దిక్కు లేకే కదా నా బిడ్డను నీ దగ్గర ఉంచింది! వాకిట్లోనే గొర్రెల దొడ్డి, ఆ కంపు, ఆ దుమ్ము. ముందు దొడ్డి కడిగించు. డాక్టరు చెప్పిన ఆవిరి మిషన్ ఆర్డర్ పెట్టాను, రాగానే పంపిస్తాను.

ఆర్డర్లకు చుట్టి వచ్చిన కవర్ల మూట మళ్లీ బస్సులో వేశాను. రోజూ ఏదో ఒక ఆర్డరు వస్తూనే ఉంటుంది, పారేయబుద్ధి కాదు. కట్టెలు దొరకని ఊళ్లో నీకు నీళ్ల పొయ్యి అంటించుకోడానికైనా పనికొస్తాయి. నేనేదీ వృథా చేయను, నీ కూతుర్నే కదా!

నీ గౌతమి

కంబదూరు

నా బంగారు గౌతమికి,

ఫోన్లో నన్ను మాట్లాడనియ్యవు, అందుకే రాస్తాండా. దొడ్డి కడిగినా. గొర్రెల్ని మారెక్క వాళ్లింటికాడికి తోలినా. అప్పటికే నీ పాత మూట అయిపోయి కందికట్టెతో నీళ్లు కాగబెడతాంటి. బిడ్డకు దగ్గు నిమ్మళించింది. దొడ్డి కడిగినందుకే అనుకుంటి.

నీ కొత్త మూట వచ్చినాది. అంటించినా. బిడ్డ చలికి పొయ్యికాడే కూచునింది. మళ్లీ దగ్గు ఎత్తుకునింది, ఊపిరాడక కండ్లు తేలేసింది. అప్పుడు వంగి చూస్తే కవర్లు కరిగి తారు మాదిరి కారుతాండాయి. థూ! బిడ్డ తల వాసన చూస్తే అదే కంపు. గొర్రెల కంపు కడిగితే పాయె తల్లీ, ఇది రుద్దినా పోలేదు.

మిగిలిన మూట వాపసు పంపిస్తాండా. ఒకటి అంటించి నువ్వే వాసన చూడు.

మీ అమ్మ సుంకమ్మ

బెంగళూరు

అమ్మా,

మూట అందింది. బాల్కనీలో ఒక కవరు అంటించాను. నిలబడలేకపోయాను, వాంతి అయింది. సబ్బుతో కడిగినా చేతులు ఇంకా కంపు కొడుతున్నాయి. నా బిడ్డ రోజూ పొద్దున్నే పీల్చింది దీన్నా? నీ దొడ్డి మీద నోరు పారేసుకున్నాను. ఛీ!

మూటంతా కింద పోసి చూశాను. ఫోన్ కేసుల కవర్లు, చెవి రింగులవి, ఒక్కసారి కూడా వేసుకోని చెప్పులవి. ఏ ఒక్కటీ లేకపోయినా నాకు గడిచేది. ప్రతి కవరు మీదా నా పేరే ఉంది.

ఆదివారం వస్తున్నాను, లహరిని పెద్దాసుపత్రిలో చూపిద్దాం. ఆవిరి మిషన్ ఇప్పుడే వచ్చింది. అరచేతిలో పట్టే వస్తువుకు కవరులో కవరు, దాని మీద ఇంకో కవరు చుట్టి పంపించారు. వీటిని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకునే రాస్తున్నాను.

గౌతమి