రెండు తర్వాత

ఫిబ్రవరి 5, బుధవారం

ఇది నా ఇష్టంతో రాస్తున్నది కాదు. కండక్టరమ్మ రాయమంది. స్కూల్ వాళ్ళు నాకు అంటగట్టిన మనిషి. ముప్పయ్యేళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైంది. ఇప్పుడు నాలాంటి తల్లులకు పెంపకం నేర్పుతుందట. ప్రతి బుధవారం నా షిఫ్ట్ అయ్యాక వచ్చి కూర్చుంటుంది. టీ తాగుతుంది. నేనే వాగుతాను.

జరిగింది ఒక్కసారి రాసేస్తాను. పోయిన నెల పిచ్చుకను చెంప మీద కొట్టాను. పిచ్చుక నా కూతురు, ఆరేళ్ళది. పుట్టినప్పుడు పిచ్చుకంతే ఉండేది, అందుకే ఆ పేరు. దెబ్బ చెవి మీద పడింది. మర్నాడు టీచర్ పిలిస్తే పలకలేదట. చెవి నయమైంది. పిల్ల మాత్రం మా అక్క ఇంట్లో ఉంది. వస్తానని అదే నోరు తెరిచి అడిగితేనే పంపుతానని అక్క తేల్చి చెప్పింది. అప్పటిదాకా ఆదివారం రెండు గంటలు చూసి రావడమే. అదీ అక్క ఎదురుగానే.

ఫిబ్రవరి 6

దాని దువ్వెనలో వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. తీయలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పార్కుకు వెళ్దామంది అక్క. పిచ్చుక బూట్ల లేసులతో కుస్తీ పడుతోంది. ఐదు నిమిషాలు చూశాను, పది నిమిషాలు చూశాను. నాకసలే ముక్కు మీద కోపం. ఒకటి, అన్నాను.

అంతే. పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది.

అక్కే వంగి లేసులు కట్టింది. దారంతా పిచ్చుక అక్క చెయ్యి పట్టుకుని ఆ పక్కనే నడిచింది. నా నోరు పడిపోను.

ఫిబ్రవరి 12, బుధవారం

టీచర్ చెప్పిందంటూ కండక్టరమ్మ ఒక సంగతి మోసుకొచ్చింది. పిచ్చుక లెక్కపెట్టేటప్పుడు మూడు అనదట. ఒకటి, రెండు, నాలుగు. రాయమంటే శుభ్రంగా రాస్తుందట, నోటితో మాత్రం అనదట. చెవి దెబ్బ వల్లనేమో అని టీచర్ భయపడుతోందట.

చెవి వల్ల కాదు. నాకు వెంటనే తెలిసింది. అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా?

ఒకటి. రెండు. మూడిందే నీకు!

మా ఇంట్లో లెక్క అది. మా అమ్మ నాకు పెట్టింది, నేను నా కూతురికి పెట్టాను. రెండు అన్నాక ఫ్యాన్ చప్పుడు కూడా వినపడేది. మాకు మూడంటే దెబ్బ. అందుకే పిల్ల ఆ మాటను నోట్లోకి రానివ్వడం లేదు.

చెప్పి ఏడ్చాను. కండక్టరమ్మ ఓదార్చలేదు. బస్సులో తాగి గొడవ చేసేవాళ్ళ గురించి చెప్పింది. తను జవాబివ్వకుండా టికెట్లు కొడుతూ ఆ చివరికి వెళ్ళిపోయేదట. తిరిగొచ్చేసరికి వాడి కోపం సగం, తన కోపం సగం ఏదో ఒక స్టాప్‌లో దిగిపోయి ఉండేవట. నీ ఇంట్లో ఆ చివర ఏది, అని అడిగింది. ఉన్నదే ఒకటిన్నర గది. వంటింటి కిటికీ, అన్నాను. కోపమొస్తే ఆ కిటికీ దాకా వెళ్ళి రమ్మంది. పిల్ల లేకపోయినా సరే, ఇప్పటినుంచే.

ఫిబ్రవరి 13, సాయంత్రం 6

పాలు పొంగాయి. కిటికీ దాకా వెళ్ళాను. పిచ్చిదానిలా ఉంది.

సాయంత్రం 6.20

మళ్ళీ వెళ్ళాను. తననే చూస్తున్నాననుకుని ఎదురింటాయన చెయ్యి ఊపాడు. నా ఖర్మ.

ఫిబ్రవరి 15, శనివారం

అమ్మను చూడడానికి వెళ్ళాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా, నాలుగు తగిలించే కదా నిన్ను మనిషిని చేసింది, అని మొదలెట్టింది. ఒళ్ళు మండింది. లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాను. అమ్మ ఇంట్లోనూ కిటికీలున్నాయి కదా. వచ్చి అడిగాను, ఈ మూడు లెక్క నీకెవరు నేర్పారని.

చాలాసేపు బట్టలు మడత పెట్టింది. తర్వాత చెప్పింది. మా నాన్న నన్ను రెండుకే కొట్టేవాడే. నువ్వు పుట్టినప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, ఎంత కోపమొచ్చినా మూడు దాకా ఆగాలని. నీకు ఒక అంకె ఎక్కువే ఇచ్చాను కదే, అంది.

అమ్మ ఒళ్ళో తల పెట్టుకోవాలనిపించింది. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఎప్పుడూ పెట్టుకోలేదు. ఈ రోజూ పెట్టుకోలేదు. దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పెట్టించాను.

ఫిబ్రవరి 19, బుధవారం

అమ్మ మాట చెబితే కండక్టరమ్మ టీ చల్లారిపోయింది. మొదటిసారి తన కొడుకు గురించి చెప్పింది. నలభై ఏళ్ళవాడు. ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ అని పెట్టేస్తాడట. వాణ్ణి కొట్టి పెంచిన ఆ రోజుల్లో తన దగ్గరికి ఇలా వచ్చి కూర్చునేవాళ్ళు ఎవరూ లేరంది. వచ్చినా వినేదాన్నో లేదో, అని కూడా అంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మీ అమ్మ ఒకటి కలిపింది, నువ్వెన్ని కలుపుతావో చూసుకో, అంది.

ఫిబ్రవరి 20

చొక్కాకి ఏడు బటన్లు. పదేళ్ళుగా ఫ్యాక్టరీలో కుడుతున్నాను. ఇవాళ మూడో బటన్ దగ్గర ప్రతిసారీ చెయ్యి ఆగిపోయింది. సూపర్‌వైజర్ నిద్రపోతున్నావా అంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పిచ్చుక ముందు నేల మీద కూర్చుని చెప్పేశాను. మూడనేది ఉత్త అంకె. దాన్ని నేను పాడుచేశాను. తప్పు నాది. నీది కాదు, పాపం దానిదీ కాదు. ఇక ఆ లెక్క పెట్టను.

మరి కోపమొస్తే ఏం చేస్తావు, అని అడిగింది. కిటికీ దాకా వెళ్ళొస్తానన్నాను. చూపించమంది. నడిచి చూపించాను. ఇంకోసారి, అంది. పదిసార్లు తిప్పింది, రాక్షసి. చివరికి నవ్వింది. అక్క వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకుంది.

ఇంటికొస్తావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అదే అడగాలి.

మార్చి 2, ఆదివారం

పిచ్చుకకు జ్వరమట. పడుకుంది, రావద్దన్నారు. కిటికీ దగ్గరే కూర్చున్నాను. కోపం లేదు, ఊరికే. నా పిల్ల నాకు కావాలి.

మార్చి 8, శనివారం

పిచ్చుక ఫోన్ చేసింది. మీ ఇంటి కిటికీ ఎలా ఉంటుందో మర్చిపోయాను, రేపు చూడ్డానికి రానా, అని అడిగింది.

మీ ఇల్లు అంది. మన ఇల్లు అనలేదు. రానీ, అదే చాలు.

మార్చి 9, ఆదివారం

దాగుడుమూతలు. అది కిటికీ దగ్గర కళ్ళు మూసుకుంది. నేను తలుపు వెనక.

ఒకటి. రెండు.

ఊపిరి బిగబట్టాను.

మూడు, అంది. పది దాకా వెళ్ళింది. తర్వాత, అమ్మా ఎక్కడున్నావ్, అంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.