యాదమ్మ పారబోసిన మందు

జూన్ 10, సోమవారం
నల్గొండలో పొద్దున్నే ఎండ, నాకు పొద్దున్నే కోపం. మోత్కూర్ నుంచి యాదమ్మ అనే ఆమె కూతురి మెడ గడ్డలోంచి తీసిన ముక్కను పరీక్షకని మా ల్యాబ్‌కు సీసాలో తెచ్చింది. మూత తీస్తే కుళ్లు వాసన. ఇందులో ఫార్మలిన్ ఏదమ్మా అంటే — "గా నీళ్లు కంపు కొడుతున్నయ్ మేడం... పారబోసి మంచినీళ్లు పోసిన." కోసి రెండు రోజులైందట. అరిచేశాను. ఆమె సీసాను కొంగుతో తుడుస్తూ నిలబడింది. ఆ మందు లేకపోతే ముక్క పాడవుతుందని ఆమెకు ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు.

జూన్ 12, బుధవారం
స్లైడు చూశాను. కణాలన్నీ చెదిరి, నల్లగా ముద్దకట్టి. క్యాన్సర్ అవునంటే అవును, కాదంటే కాదు. పిల్ల స్వప్నకు పంతొమ్మిదేళ్లు. కోసిన డాక్టర్ ఫోన్: "క్యాన్సర్ లెక్కనే ఉంది గదా మేడం, రాసెయ్యున్రి. హైదరాబాద్ పంపిస్త." రాయలేదు. "చెప్పలేం, మళ్లీ ముక్క కావాలి" అని సంతకం పెట్టాను. పదేళ్ల సర్వీసు తర్వాత ఈ మాట రాయడం చేతగానితనంలా అనిపించింది... అయినా తెలియనిది తెలిసినట్టు రాయడం నా వల్ల కాదు.

జూన్ 13
రెండోసారి కత్తి అనగానే పిల్ల ఏడ్చిందట. నా మీద నాకే విసుగు.

జూన్ 15, శనివారం
యాదమ్మ మళ్లీ వచ్చింది. సీసా మూతకు టేపు, పైన గుడ్డ, గుడ్డకు మూడు ముడులు. "మూత గూడ ముట్టలే మేడం. బస్సుల ఒళ్లెనే వెట్టుకొని కూసున్న." నవ్వొచ్చింది. మొన్న అరిచాను, ఏమనుకోకమ్మా అన్నాను. "తప్పు నాది గదా... మీరు గట్లంటరేంది."

జూన్ 18, మంగళవారం
టీబీ! గుంపుగా చేరిన కణాలు, మధ్యలో విరిగిన పాలలా చచ్చిన భాగం. వేరే రంగు వేయించి గంటసేపు వెతికితే ఎర్రటి పుల్లలా ఒక్క టీబీ క్రిమి... పక్కనే ఇంకొకటి. హమ్మయ్య. ప్రాణం లేచొచ్చింది. టీబీ దొరికిందని సంబరపడే కొలువు మాదే కాబోలు. ఫోన్‌లో చెప్తే యాదమ్మ ముందు ఏడ్చింది. తర్వాత — "గోలీలేస్తె తగ్గుతదా?" తగ్గుతుందమ్మా, ఆర్నెల్లు మానకుండా వేస్తే. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చెప్పాను, హాయిగా.

జూన్ 19
సీసాలన్నిటికీ తెలుగు చీటీలు అంటించాం: వాసన వస్తుంది, అయినా పారబోయొద్దు.

జూన్ 21, శుక్రవారం
తల్లీ కూతుళ్లు వచ్చారు. మందులు మొదలయ్యాయి. స్వప్న మెడకు కట్టు, ముఖంలో కళ. నాకూ కడుపు నిండినట్టుంది. యాదమ్మ ఏదో చెప్పి నవ్వబోయి దగ్గింది. ఆగలేదు. ఎన్నాళ్ల నుంచి? "నాదేముంది మేడం... ఎండకాలం ముంగట్నుంచి ఉన్నదే." మనిషి బాగా చిక్కిపోయింది. ఇన్ని రోజులూ ఆమె తెచ్చిన సీసానే చూశాను, ఆమెను చూడలేదు. తెమడ డబ్బీ చేతిలో పెట్టాను, రేపు లేవగానే పట్టి తెమ్మని. "రేపు నాట్లున్నయ్ మేడం" అంది. డబ్బీ మాత్రం తీసుకుంది...