కోతకాలంలో సోంబరు

జి.మాడుగుల, డిసెంబరు 2

ప్రియమైన కనకప్పకి,

ఇక్కడ అందరం బతికే ఉన్నాం. చింతూరు హాస్టల్లో పిల్లలు నీ సాంబారు తిని కూడా బతికే ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయలేదని తిట్టకు. మన గూడెంలో టవరు నిలబెట్టారు గానీ దానికి ఇంకా మాట రాలేదు. సంతకి వెళ్ళినప్పుడే పోస్టు.

కాఫీ కోతలు మొదలయ్యాయి. పండు ఎర్రబడితే మన కోసం ఆగదు కదా, నేనూ నీ మరదలూ పొద్దుటే కొండెక్కేస్తున్నాం. మొన్న సంతలో కొట్టు అప్పారావుకి మిరియాలని చెప్పి బొప్పాయి గింజలు చూపించాను. పావుగంట బేరమాడాడు! నేనే నవ్వాపుకోలేక బయటపడ్డాను.

మన తమ్ముడు సోంబరు బాగున్నాడు. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, నా చొక్కాలు వాడికి బిగుతు. బుద్ధి మాత్రం నాలుగేళ్ళ దగ్గరే కూర్చుంది. కోతలు కదా, ఎప్పటిలాగే నడుముకి దూడ పలుపు వేసి ఇంటి రాటకి కట్టి వెళ్తున్నాం. పక్కన గంజి పెడతాం. గెడ్డ నీళ్ళ వైపు పోడు, మాకు బెంగ లేదు. మొన్న దారి తప్పి వచ్చిన అరకు టూరిస్టులకి "ఈయన మా కాపలా ఆఫీసరు" అని చెప్పాను. కట్టుతోనే లేచి సెల్యూట్ కొట్టాడు. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. నువ్వుంటే నువ్వూ నవ్వేదానివి.

నిన్ను ఏడిపించకపోతే అన్నం సయించని తమ్ముడు,
గాసి

చింతూరు, డిసెంబరు 11

ప్రియమైన గాసికి,

నాకు నవ్వు రాలేదురా. నీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివాను, అన్నం అడుగంటింది.

కిందటి నెల ఇక్కడ మండలాఫీసులో మీటింగు పెట్టారు. హాస్టల్ వంటవాళ్ళనీ రమ్మన్నారు. చక్రాల కుర్చీలో వచ్చిన హేమలత అనే ఆవిడ వికలాంగుల హక్కుల చట్టం గురించి చెప్పింది. 2016లో వచ్చిందట. బుద్ధి ఎదగనివాళ్ళని కొట్టినా, కట్టేసినా, తిండి మాన్పించినా, నలుగురిలో నవ్వులపాలు చేసినా ఊరుకోదట. చేసింది సాకేవాళ్ళయినా సరే. తెలిసినవాళ్ళెవరైనా తాసిల్దారుకి చెప్పొచ్చు. మంచి మనసుతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. నేరం తేలితే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. అందరితో పాటు నేనూ తలూపాను. ఎక్కడో ఉండే చెడ్డవాళ్ళ గురించి అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, ఆవిడ చెప్పింది మన ఇంటి రాట గురించేనని.

పలుపు విప్పు. వాడి నడుము ఎలా ఉందో చూసి రాయి. అప్ప ముద్దు పెట్టిందని వాడికి చెప్పు.

నీ అప్ప,
కనక

జి.మాడుగుల, డిసెంబరు 20

ప్రియమైన లాయరు కనకప్పకి,

నీ చట్టం వచ్చి వాడికి ముడ్డి కడుగుతుందా? అమ్మ పోయిన దగ్గర్నుంచి పద్నాలుగేళ్ళు కడిగినవాణ్ణి నేను. నువ్వు ముద్దులు పోస్టులో పంపుతావు. మూడేళ్ళ కిందట కట్టకుండా వదిలితే గెడ్డలో పడ్డాడు. దూకి జుట్టు పట్టి లాగింది నేనే. ఆ రోజు నీ సెక్షన్లేవీ నీళ్ళలోకి దూకలేదు. నీ మరదలైతే, "మీ అప్పనే ఒచ్చి నాలుగు రోజులు సూసుకోమను" అంటోంది.

పలుపు మెత్తనిది. దూడకి లేని నొప్పి వాడికేటి? నడుము గురించి అడగకు.

ఇంకా జైలుకి పోని తమ్ముడు,
గాసి

చింతూరు, డిసెంబరు 29

ప్రియమైన గాసికి,

నడుము గురించి అడగకు అన్నావు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది.

దూరంగా కూర్చుని ముద్దులు పంపుతున్నానన్నది నిజమే. అందుకే చేయి ఆడటం లేదు. తాసిల్దారుకి కాగితం రాశాను, పోస్టు చేయలేదు. నిన్ను తీసుకుపోతే వాడికెవరున్నారు? వాణ్ణి ఏ మైదానంలోని హోముకో పంపేస్తే? కాగితం బియ్యం డబ్బాలో పెట్టాను. బియ్యం తీసినప్పుడల్లా చేతికి తగులుతోంది.

జనవరి పది దాకా చూస్తాను. పలుపు అంత మెత్తనిదైతే ఒక్క రోజు నువ్వు కట్టించుకుని కూర్చో.

నీ అప్ప,
కనక

జి.మాడుగుల, జనవరి 7

ప్రియమైన కనకప్పకి,

పందెం అంటే వదలనని తెలిసే రాశావు. కట్టించుకున్నాను.

నీ మరదలు కోతకి వెళ్ళాక, "ఒరే సోంబరూ, ఇయ్యాల నువ్వు గాసివి, నేను సోంబర్ని" అన్నాను. ఆట అనుకుని తప్పట్లు కొట్టాడు. పలుపు నా నడుముకి చుట్టి రాట వెనక, చేయి అందని చోట, మూడు ముళ్ళు వేశాడు. గంజి గిన్నె తెచ్చి పెట్టాడు. వంగి, నా చెంప మీద ఒక్కటి ఇచ్చాడు.

"ఏడిసేవంటే ఇంకోటి పడతాది. బేగొచ్చేత్తాను" అన్నాడు.

ఆ మాటలు నావి అప్పా. ఆ దెబ్బా నాదే. నీకు ఎప్పుడూ రాయలేదు.

వాడు వెళ్ళిపోయాక మొదట నవ్వుకున్నాను. ఎండ మొహం మీదికి వచ్చింది, జరగడానికి లేదు. గంజికి చీమలు పట్టాయి. లుంగీలోనే పోసుకున్నాను. అదంతా ఒక ఎత్తు. వాడు గెడ్డ వైపు పోయాడేమోనన్న అనుమానం వచ్చింది చూడు, అప్పుడు చచ్చాను. గూడెమంతా కోతలకి పోయి కొండ మీదే ఉంది. గొంతు పోయేదాకా అరిచాను.

పొద్దు వాలాక నీ మరదలు వచ్చింది. వెనక సోంబరు, నెత్తిన బుట్ట.

"ఇదేటి ఈ ఏసం?" అంది నన్ను చూసి. తర్వాత ముళ్ళు విప్పుతూ, "పొద్దుటే తోటకొచ్చేసినాడు. తిట్టబోయి, ఓ సెట్టు సూపించినాను. ఎర్రపండే కోసినాడు, ఒక్క పచ్చిది లేదు. నీకంటే నయం" అంది.

వాడి చొక్కా ఎత్తి చూశాను. నడుము చుట్టూ తోలు నల్లగా మొద్దుబారిపోయింది. ఎడమ పక్క పచ్చి పుండు. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎలా అయిందని నర్సు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇప్పుడు రోజూ మాతోనే కొండెక్కుతున్నాడు. నాలుగు రోజులైంది. గాసి మంచివాడైపోయాడని సంబరపడకు. నిన్న వాడు బుట్ట ఒలకబోస్తే నా చేయి లేచింది. వాడు మోచేతులతో మొహం దాచుకున్నాడు. చేయి దించేశాను. ఇంకోసారి దించుతానో లేదో నాకే తెలియదు.

కాగితం బియ్యం డబ్బాలోంచి తియ్యి. కట్టాడని రాసి ఉంటావు, కొట్టాడని కూడా చేర్చు. నాకేమవుతుందో తర్వాత చూద్దాం. నేను కానివాళ్ళెవరో ఒకరు అప్పుడప్పుడూ వచ్చి వాడి చొక్కా ఎత్తి చూడాలి.

నీ తమ్ముడు,
గాసి