షెడ్డు వెనక లారీ

అన్నా,

ఆదివారం పొద్దున పాత ఇనుము కొనే రామ్‌దాస్ మన స్పేర్ లారీ కోసం బోధన్ వచ్చాడు. నేను ఇవ్వలేదు. దాన్ని అమ్మి నీ లారీకి టైర్లు వేయిద్దామని మనం అనుకున్న మాట నిజమే. ఎందుకు ఆగానో చెబుతాను.

రామ్‌దాస్ బానెట్ ఎత్తి నవ్వాడు. "పార్టులు ఇప్పుకునే బండి అంటిరి గదా అక్కా. గిండ్ల ఒక్కటి గూడ తక్వ లేదు."

పసుపు ఆరబోస్తున్న అవ్వ తలెత్తకుండానే అంది: "మీ బాపు గిండ్లకెల్లి ఏది ఇప్పినా, తన బండిల అరిగినదాన్ని తెచ్చి గా జాగలనే బిగిస్తుండె. ఖాళీగ ఉంచితే బండికి మంచిది గాదంటుండె."

నేను క్యాబిన్ ఎక్కాను. స్టీరింగ్ మీద బాపు చేతులు ఆనిన చోట నలుపు పోయి ఇనుము తేలింది. సీటు ఆయన కూర్చున్నంత మేర కుంగి ఉంది. బాపు ఫ్యాక్టరీకి చెరకు తోలిన అసలు లారీ ఒక్కో పార్టుగా ఈ బండిలోకి వచ్చేసింది. ఎండలో అద్దంలోంచి చూస్తుంటే మక్కచేను మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టే ఉంది. చాలాసేపు దిగబుద్ధి కాలేదు.

బాపు పోయాక ఆయన గుర్తుగా ఉంచుకుందామని నువ్వు నడుపుతున్న బండిలో ఆయనది నంబరు పలక, చాసిస్ మాత్రమే. దాన్ని అమ్మమనను, అది నీ బతుకుదెరువు. టైర్లకు ఈసారి నా వాటా పసుపు అమ్ముదాం.

రామ్‌దాస్ శుక్రవారం క్రేన్‌తో వస్తానన్నాడు. నువ్వు గురువారమే రా. ఒకసారి ఆ సీట్లో కూర్చొని, అతనికి జవాబు నువ్వే చెప్పు.

నీ చెల్లె