పోగు తప్పిన పెళ్లికొడుకు

ఎమ్మిగనూరు,
12-3-58

ఆదోని పత్తి వ్యాపారీ, చిన్నప్పుడు నా పలక విరగ్గొట్టి నేనే విరగ్గొట్టుకున్నానని పంతులుకు చెప్పినవాడూ అయిన నాగేశ్వరయ్యకు, మగ్గం గుంతలో నుంచి మార్కండేయులు రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. నీ పొట్ట ఇంకా చొక్కాలోనే పడుతోందని తలుస్తాను.

నువ్వు చెప్పిన సంబంధం చూసే పని మీద కోడుమూరు పోయి వచ్చినాను. చీరలమ్మేవాడిలాగా రామసుబ్బయ్య ఇంట్లో మూట విప్పి, వాళ్లబ్బాయిని కిందికీ పైకీ చూసినాను. చూసింది రాద్దామంటే, ఉత్తరం నీ ఇంటికొస్తే మీ అమ్మాయి వాసవి చదువుతుంది, కొట్టుకొస్తే గుమాస్తా కృష్ణప్ప చదువుతాడు. కృష్ణప్ప చదివితే సాయంత్రానికి ఆదోని అంతా చదివినట్టే. అందుకే మొన్న నీకు నేర్పిన దారం భాషలో పంపుతున్నాను. బస్సు డ్రైవరు భీమన్న రేపు మీ ఇంట్లో ఇస్తాడు.

నీ బుర్రకు ఒకసారి చెబితే చాలదు కాబట్టి మళ్లీ రాస్తాను. ఇది మద్రాసులో సైన్సు చదివే మా అక్క కొడుకు గిడ్డయ్య చెప్పిన సంగతి. మన ఒంట్లో కణం కణంలోనూ డి.ఎన్.ఏ. అనే సన్నని పొడుగాటి దారం ఉందంట. దాని మీద రాత ఉందంట గానీ, అక్షరాలు నాలుగే. ఒంటికి కావలసిన మాంసకృత్తులు తయారు కావాలంటే అమైనో ఆమ్లాలని ఇరవై రకాల సరుకును పూసల్లాగా వరసగా గుచ్చాల. అక్షరానికొక సరుకంటే నాలుగుతో ఆగిపోతుంది. రెండేసి కలిపితే పదహారు, అదీ చాలదు. మూడేసి కలిపితే అరవై నాలుగు, చాలి మిగులుతుంది. కాబట్టి మూడక్షరాలకొక సరుకని దొరల అంచనా. అసలు దారం కణం నడుమనుండే పెట్టెలో నుంచి కదలదంట, నకలే బయటికొస్తుంది. ఒక చేత్తో చీటీ, ఒక చేత్తో సరుకు పట్టుకున్న మీ పత్తి బజారు హమాలీ లాంటిదొకటి వచ్చి, చీటీ సరిపోయిన చోట సరుకు దించి పోతుందంట. ఏ మూడింటికి ఏ సరుకో ఇంకా ఏ దొరకూ తెలియదు.

మనకు తెలుసు, మనది మనమే కట్టుకున్నాం కాబట్టి. ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు పోగులు ఒకదాని వెనక ఒకటి ముడేసినాను. మూడు పోగులకొక మాట, మొత్తం ఇరవై మాటలు. మాటకూ మాటకూ మధ్య సందు ఉండదు. పెద్ద ముడి వైపు నుంచి మూడేసి లెక్కపెట్టుకుంటూ పో.

ఇట్లు,
నీ పలక బాధితుడు,
మార్కండేయులు

తా.క.: మిగిలిన నలభై నాలుగూ ఏం చేస్తాయని గిడ్డయ్యను అడిగినాను. ‘తెలీదు మామా’ అన్నాడు. అంత చదివి అంత సులువుగా ఆ మాట అనేవాణ్ణి నేను మొదటిసారి చూసినాను.


ఆదోని,
17-3-58

నా ఇంటి దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టిన మార్కండేయులుకు నాగేశ్వరయ్య నమస్కారాలు.

నేను నీకు నమస్కారం పెట్టడం ఇదే మొదలు, దాచుకో. దారం అందింది. తలుపేసుకుని చదివినాను. మొదటి మాట తాగుతాడు. రెండోది చెవుడు. మూడోది ఇదివరకే పెళ్లయింది. చెమటలు పట్టినాయప్పా. మా ఇంటామె అన్నపూర్ణకు చెబితే, “తాగేటోడు, సెవిటోడు, వానికి మొదటి పెళ్లామెట్ల దొరికిందో కనుక్కోండి” అంది.

ఇక గుట్టెందుకు, ఎవరు చదివినా సరే. మాకు ఈ సంబంధం వద్దని ఆ పూటే రామసుబ్బయ్యకు కార్డు రాసినాను. నువ్వు చూసి చెప్పకుంటే పిల్ల గొంతు కోసి ఉండేవాణ్ణి. భీమన్న చేతికి ఒక మూట శెనక్కాయలు ఇచ్చినాను, కాదనకు.

ఇట్లు,
నీ మేలు మరవని,
నాగేశ్వరయ్య

తా.క.: చివర ఒక తెల్ల పోగు, ఒక నల్ల పోగు మిగిలినాయి. కొసరేమో అనుకుని దూడ మెడకు కట్టినాం. బాగుంది.


ఎమ్మిగనూరు,
20-3-58

కొంప ముంచిన నాగేశ్వరయ్యకు మార్కండేయులు లబలబలాడుతూ రాసేది.

రెండు పోగులు మిగిలినాయా? ఎందుకు మిగిలినాయి? మూడేసి కట్టిన దారంలో రెండెట్ల మిగులుతాయప్పా? పత్తి తూకం తప్పనివాడివి, పోగులు లెక్కపెట్టలేకపోయినావా?

నేను పంపింది నాలుగు మాటలు: బుద్ధిమంతుడు, చదువుకున్నాడు, ఒక్కడే కొడుకు, పెళ్లి వెంటనే కావాలంటున్నారు. ఎరుపు నలుపు తెలుపు అంటే బుద్ధిమంతుడు. ముందరున్న ఎర్ర పోగు ఎక్కడో ఊడింది. నువ్వు నలుపు నుంచి మొదలుపెట్టినావు. నలుపు తెలుపు పసుపు అంటే తాగుతాడు. అక్కడి నుంచి ప్రతి మాటా పక్క మాట పోగును లాక్కుంది. ఊడింది ఒక్కటే, చెడింది అంతా.

ఆ పిల్లవాడు మజ్జిగ తప్ప ఏదీ తాగడు. వంటింట్లో గిన్నె పడితే వసారాలో ఉలిక్కిపడినాడు, అంత బాగా వినబడుతుంది. ఆ కార్డు ఆపు. టపా బండికి అడ్డం పడుకునైనా ఆపు.

ఇట్లు,
కోడుమూరులో ఇంక చీర అమ్ముకోలేని,
మార్కండేయులు

తా.క.: శెనక్కాయలు తిరిగి పంపలేను. నీ ఉత్తరం చదివేలోపే తినేసినాం.


ఆదోని,
24-3-58

మార్కండేయా,

కార్డు పోయింది. రాసిన పూటే వాసవి చేతికిచ్చి టపాలో వెయ్యమన్నాను. అదైతే చెప్పిన పని వెంటనే చేస్తుంది, మన ఖర్మ.

అటువంటి సంబంధం మళ్లీ నాకు రాదు. అన్నపూర్ణ అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు. ఎర్ర పోగు కోసం ఇల్లంతా ఊడ్చినాం, దూడను కూడా అనుమానించినాం. కృష్ణప్ప నీ ఉత్తరం చదివినాడు. బజారులో ఎదురైన ప్రతివాడూ, “ఏమన్నా, పోగు దొరికిందా” అంటాండాడు.

నువ్వే కోడుమూరు పోయి రామసుబ్బయ్య కాళ్లు పట్టుకోవాల. నా బదులు కూడా పట్టుకో.

నాగేశ్వరయ్య

తా.క.: ఇంటిల్లిపాదీ ఇట్ల తల్లడిల్లుతుంటే మా వాసవి ఒక్కతే నిమ్మళంగా కూర్చుని లెక్కలు చేసుకుంటాంది. దానికేం తెలుసు పాపం.


ఆదోని,
3-4-58

పూజ్యులైన మార్కండేయులు మామకు, వాసవి నమస్కరించి రాసేది.

మీరు ఇంకా పోకుంటే కోడుమూరు పోవద్దు. అక్కడ ఎవరికీ ఏ కార్డూ అందలేదు. నాన్న టపాలో వెయ్యమన్న కార్డు ఇన్నాళ్లూ నా లెక్కల పుస్తకంలోనే ఉండింది.

మీ దారం భీమన్న తెచ్చినప్పుడు తీసుకున్నది నేనే. ఆ భాష నాకు ఎప్పుడో వచ్చు. నాన్న మరిచిపోతానేమోనని రోజూ నీళ్లు పోసుకుంటూ మీ ఇరవై మాటలూ గట్టిగా అప్పజెప్పుకున్నారు. ఇల్లు మొత్తానికి వచ్చినట్టే. చదివినాను. మొదటి మూడు మాటలూ బాగానే ఉన్నాయి. నాలుగోది పెళ్లి వెంటనే అని. నాకేమో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు ముందరున్నాయి. ఆగమంటే ఆగుతారా?

ముందరి పోగు ఒకటి లాగేసినాను. అర్థం కాక నాన్న మళ్లీ మీకు రాస్తారు, మీరు మళ్లీ రాస్తారు, ఈలోగా పరీక్షలు అయిపోతాయనుకున్నాను. లాగినాక మళ్లీ చదివి చూడలేదు, తాగుడూ చెవుడూ వస్తాయని నాకేం తెలుసు? ఇరవై మాటల్లో అన్ని పాడు మాటలు కట్టింది మీరే కాబట్టి సగం తప్పు మీదే.

నిన్నటితో పరీక్షలు అయిపోయినాయి. ఈ ఉదయం కార్డు తెచ్చి నాన్న ముందర పెట్టినాను. మొదట చెయ్యెత్తినారు. తరువాత కార్డు రెండు వైపులా తిప్పి చూసి, టపా ముద్ర లేదని తేలినాక ఆ చెయ్యి గుండె మీద పెట్టుకుని అరుగు మీద కూలబడినారు. “అమ్మా, బతికించినావు. ఇంక ఈడెవరూ దారం ముట్టుకోకండి, నోటితోనే మాట్లాడుకుందాం” అన్నారు. అమ్మ ఇన్నాళ్లకు ఆయనతో మాట్లాడింది. కాఫీ కావాలా అని.

మీ దారమూ, దూడ మెడలో నుంచి విప్పిన రెండు పోగులూ, నేను లాగిన ఎర్ర పోగూ ఈ కవరులో పెట్టినాను. అందరూ ఇల్లంతా ఊడ్చినారు గానీ నా జడ ఎవరూ చూడలేదు. ఎర్రది ముందర, దూడవి వెనక ముడేసుకుని చివరిదాకా చదవండి. చివరి మాటకు ఇప్పుడు నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
వాసవి

తా.క.: మామా, మనిషి చూడ్డానికి ఎట్లుంటాడో చెప్పడానికి మీ ఇరవై మాటల్లో ఒక్కటీ లేదు. నలభై నాలుగు ఊరికే పడి ఉన్నాయి కదా.